సగం గ్రూపు, సగం సొంతం: విదేశీ కొండలకు మొదటిసారి పోయేటప్పుడు టూర్ ఎంచుకునే తీరు

నల్లగొండ, పాలమూరు వైపు నేపాల్ అనగానే పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రే గుర్తొస్తుంది. బస్సు నిండా మనవాళ్లు, వెంట వంటమనిషి, పొద్దున ఉప్మా, రాత్రి పచ్చిపులుసు. ఇప్పుడు అదే నేపాల్‌కు అన్నపూర్ణ బేస్ క్యాంప్ అనో, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ అనో శిఖరాల పాదం దగ్గరి ఆ విడిదుల దాకా నడిచిపోయే కోరికతో అడుగుతున్నవాళ్లు పెరిగారు. వాళ్లలో చాలామందికి యాత్రల టూర్‌లో ఉండే కట్టుబాటు వద్దు, అలాగని దేశం కాని దేశంలో ఒంటరిగా కొండెక్కే ధైర్యమూ లేదు. అలాంటివాళ్లకు సరిపోయేది మధ్యరకం టూర్: గైడ్, పర్మిట్, బస వాళ్లు చూస్తారు, విమానం టికెట్, తిండి, ఖాళీ రోజులు మీవి.

మార్కెట్లో ఈ మధ్యరకానికి ఒక పద్ధతంటూ లేదు. ఒకరి ప్యాకేజీలో భోజనం ఉంటుంది, ఇంకొకరి దాంట్లో పర్మిట్ కూడా ఉండదు. ధర ఒక్కటే చూసి పోలిస్తే మోసపోయినట్టే. ముందు ఎన్ని రోజులో చూడాలి, తర్వాత ఏ పని ఎవరి మీద ఉందో చూడాలి. ధర మూడోది.

మూడు రకాలు, వాటి తేడా

మొదటిది పూర్తి కండక్టెడ్ టూర్. శంషాబాద్‌లో ఎక్కించుకుని మళ్లీ శంషాబాద్‌లో దింపుతారు. తిండికి ఇబ్బంది ఉండదు, భాషతో పనిలేదు. దీని బలహీనత కొండ మీదే బయటపడుతుంది. నలభై మందికి ఒకే టైంటేబుల్ కాబట్టి ఒకరికి తల తిరిగితే బస్సు ఆగదు. ముక్తినాథ్ సంగతే తీసుకోండి. గుడి 3,700 మీటర్ల పైన ఉంది, పోఖరా 820 మీటర్ల దగ్గర. పొద్దున పోఖరాలో జీపెక్కి ఆ సాయంత్రానికే ముక్తినాథ్ చేర్చే టూర్లలో తలనొప్పి, వాంతులు మామూలే. దారిలో 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆపే టూర్‌కు రెండు మూడు వేలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

రెండోది మనం మాట్లాడుకుంటున్న సగం-సగం రకం. కాఠ్మాండూలోనో పోఖరాలోనో ఫలానా తేదీకి వచ్చి కలవమంటారు. బ్యాచ్‌లో మామూలుగా ఆరుగురి నుంచి పన్నెండు మంది దాకా ఉంటారు, వాళ్లలో బెంగళూరు, పుణె, చెన్నై వాళ్లూ ఉండొచ్చు. నడక అయిపోయాక ఎవరి దారి వాళ్లది.

మూడోది సొంత గ్రూపుకు నేపాల్‌లోనే ఒక ఏజెన్సీ ద్వారా గైడ్‌ను పెట్టుకోవడం. ముగ్గురు నలుగురు స్నేహితులు కలిస్తే ఇది రెండోదానితో పోటీ పడుతుంది, చాలాసార్లు దానికన్నా మంచిది కూడా. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది.

గైడ్ లేకుండా పూర్తిగా సొంతంగా పోవడాన్ని నాలుగో రకంగా ఇక్కడ లెక్కపెట్టడం లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్‌లో విదేశీ ట్రెకర్లు రిజిస్టరైన ఏజెన్సీ ద్వారా లైసెన్స్ ఉన్న గైడ్‌ను పెట్టుకోవాలన్న నిబంధన ఉంది. కొన్ని దారుల్లో గట్టిగా అడగరని చెప్పేవాళ్లుంటారు. మొదటిసారి పోయేవాళ్లు ఆ మాట నమ్ముకోవద్దు.

గ్రూపు వల్ల నిజంగా మిగిలేదెంత

పదిహేను మంది బ్యాచ్ కాబట్టి చవక అని చెబుతారు. కాగితం మీద వేసి చూడండి. గైడ్ రోజు కూలి సుమారు 4,000 నేపాలీ రూపాయలనుకుందాం. ఎనిమిది రోజులకు 32,000. మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఈ మారకం చాలా ఏళ్లుగా కదలలేదు. అంటే మన డబ్బుల్లో 20,000. ఇద్దరు పోతే తలా 10,000, నలుగురైతే 5,000, ఎనిమిది మందైతే 2,500. పన్నెండు మందికి ఒక గైడ్ చాలడు, రెండో మనిషి కావాలి. అప్పుడు తలా 3,300 దాటుతుంది. సామాను మోసే పోర్టర్ మాత్రం బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నా ఇద్దరికి ఒకరు. రోజుకు 2,400 నేపాలీ రూపాయల చొప్పున వేసినా తలా 6,000 మన రూపాయలు. బ్యాచ్ పెద్దదైనా ఇది తగ్గదు.

గది, తిండి, పర్మిట్ తలకింత. జీపు మాత్రం పంచుకోవచ్చు. కాబట్టి నలుగురు చేరేసరికే గ్రూపు లాభంలో ఎక్కువ భాగం చేతికొచ్చేసింది. ఆ పైన పెరిగే ప్రతి తలా నిర్వాహకుడి లాభం, మీ నడకకు ఆలస్యం. మొదటిసారికి నాలుగు నుంచి ఎనిమిది మంది ఉన్న బ్యాచ్ మంచిది. ఇరవై మంది బ్యాచ్‌కు తలా నాలుగు వేలు తక్కువ చెప్పినా మేమైతే వద్దంటాం. కొండదారిలో బస చేసే టీ హౌస్‌లో గదులు పరిమితం. అక్టోబర్ చివర్లో అన్నపూర్ణ దారిలో పైనున్న దేవురాలి లాంటి చోట్ల ఇరవై మందికి ఒకేసారి గదులు దొరకవు, సగం మంది భోజనాల హాల్లో బల్లల మీద పడుకోవాల్సి వస్తుంది.

ఇంకో మాట. బ్యాచ్ ఎంత పెద్దదైనా కావచ్చు, కనీసం ఇద్దరు బాధ్యత తీసుకునే మనుషులు ఉండాలి: ఒక గైడ్, ఒక సహాయ గైడ్. ఒకరికి ఒంట్లో బాగోకపోతే వాళ్లతో ఒకరు కిందికి దిగాలి, మిగతావాళ్లతో ఒకరు ముందుకు పోవాలి. ఒక్కడే గైడ్ ఉన్న పది మంది బ్యాచ్‌లో రెండే జరుగుతాయి. అందరూ ఆగిపోవడం, లేదా జబ్బుపడ్డ మనిషిని టీ హౌస్‌లో వదిలేసి “రేపు వస్తాం” అనడం. ఎక్కువసార్లు జరిగేది రెండోదే.

రోజుల పట్టికలో ఎత్తు రాయించుకోండి

ఏ నిర్వాహకుడైనా రోజువారీ పట్టిక ఇస్తాడు. అందులో ఊరి పేరు పక్కన నిద్రపోయే ఎత్తు రాసి పంపమని అడగండి. రాయలేనివాడితో మాట అక్కడే ముగించవచ్చు.

మన ఊళ్లు సముద్ర మట్టానికి ఏమంత ఎత్తున ఉండవు. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తున ఇంకో రాత్రి ఆగాలి. కొండ వైద్యం తెలిసినవాళ్లు చెప్పే లెక్క ఇది. పగలు ఎంత పైకి ఎక్కి దిగినా ఫర్వాలేదు, పడుకునే చోటే ముఖ్యం.

అన్నపూర్ణ బేస్ క్యాంప్‌ను దీంతో కొలిచి చూడండి. ఎత్తు 4,130 మీటర్లు. చవక ప్యాకేజీల్లో నడక అయిదు రోజుల్లో అయిపోతుంది. రెండో రోజుకే దేవురాలి, అంటే 3,200. మూడో రోజు నేరుగా బేస్ క్యాంప్‌లో పడక. ఒక్క రాత్రిలో 900 మీటర్లు పెరిగింది. అక్కడ రాత్రి రెండు గంటలకు తల పగిలిపోతున్నట్టు లేచేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి పట్టికతో వచ్చినవాళ్లే. ఒళ్లు బలహీనమని వాళ్లనుకుంటారు, తప్పు పట్టికది.

మంచి పట్టిక ఇలా ఉంటుంది. పోఖరా నుంచి జీపులో ఘాంద్రుక్ వైపు పోయి 2,000 మీటర్ల దగ్గర పడక. మర్నాడు ఛోమ్‌రోంగ్, 2,170. ఆ తర్వాత దోభాన్, సుమారు 2,600. తర్వాత దేవురాలి, 3,200. అయిదో రాత్రి బేస్ క్యాంప్‌కు పోకుండా మచ్ఛపుచ్ఛ్రె బేస్ క్యాంప్‌లో ఆగాలి, 3,700. ఆరో రోజు చీకటితోనే లేచి రెండు గంటలు నడిస్తే తెల్లారేసరికి అన్నపూర్ణ ముందుంటారు. ఫొటోలు తీసుకుని, టీ తాగి, మధ్యాహ్నానికి దేవురాలి దాటి దిగిపోవచ్చు. పైన పడుకోలేదన్న వెలితి కొందరికి ఉంటుంది. పడుకున్నవాళ్లలో నిద్రపట్టినవాళ్లు ఎందరో అడగండి.

దేవురాలికి ఆ చివరా ఈ చివరా దారి మంచుచరియలు జారిపడే వాలుల కింద పోతుంది. 2020 జనవరిలో అక్కడ ట్రెకర్లు, గైడ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎండ ఎక్కి మంచు మెత్తబడకముందే ఆ భాగం దాటించే పట్టిక కావాలి. “మధ్యాహ్నం భోంచేసి బయల్దేరుదాం” అని ఆ ముక్కకు రాసి ఉంటే ఆ దారి తెలియనివాడు రాసిన పట్టిక అన్నమాట.

నడక రోజులు కాక ముందొక రోజు, వెనకొక రోజు ఖాళీ ఉండాలి. కాఠ్మాండూ నుంచి పోఖరాకు రెండు వందల కిలోమీటర్లే, కానీ ఏడెనిమిది గంటలు మామూలు. వానలకు కొండచరియ పడితే ఇంకెంతో. మొత్తం మీద అన్నపూర్ణకు ఇంటి నుంచి ఇంటికి 12 రోజులు. తొమ్మిది రోజుల్లో తిప్పుతామన్నవాళ్లు ఎక్కడ కోత పెట్టారో పట్టికలో వెతకండి, పైన రాత్రుల్లోనే కోసి ఉంటారు.

వాళ్ల మీద ఏది, మన మీద ఏది

సగం-సగం టూర్‌లో తగాదాలన్నీ ఆ “సగం” ఎక్కడ ఆగుతుందో ముందే రాసుకోకపోవడం వల్లే. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు, వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మొదటి ప్రశ్న: ఒకరు పైకి పోలేని పరిస్థితి వస్తే నిర్ణయం ఎవరిది? గైడ్‌దే అని రాసి ఉండాలి. డబ్బు కట్టాం కదా పోతాం అని పట్టుబట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు, గైడ్ మొహమాటపడితే అందరికీ ముప్పు. రెండోది: కిందికి దిగినవాళ్ల గది, జీపు ఖర్చు ఎవరిది? చాలామంది అది మీదే అంటారు, అదేమీ అన్యాయం కాదు, ముందే తెలిస్తే చాలు. మూడోది: బ్యాచ్ నిండకపోతే ఏం చేస్తారు? కనీసం ఇంతమంది ఉంటేనే నడుపుతాం అన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. బ్యాచ్ ఖాయమని రాతలో వచ్చేదాకా రీఫండ్ లేని విమానం టికెట్ కొనొద్దు. నాలుగోది: గైడ్ లైసెన్స్ కార్డు ఫొటో, ఏజెన్సీ రిజిస్ట్రేషన్ ముందే పంపుతారా? పంపడానికి ఇబ్బందేముంది అన్నవాళ్లు పంపేస్తారు. “అక్కడికొచ్చాక చూద్దురు గాని” అన్నవాళ్ల దగ్గర గైడ్ ఇంకా ఖరారు కాలేదు.

పోర్టర్ బరువు కూడా అడగాలి. ఇద్దరి సామాను కలిపి ఇరవై కిలోలు దాటించకూడదు, అంటే మనిషికి పది. టూర్ ఫీజులో పోర్టర్ బీమా, బట్టలు, బస ఉన్నాయా అని అడిగితే ఆ నిర్వాహకుడి నడత తెలిసిపోతుంది.

ఇక తిండి. టీ హౌస్‌లో గది అద్దె తక్కువగా పెట్టి, భోజనం అక్కడే చేయాలన్న షరతు పెడతారు. బయటి తిండి తెచ్చుకుని తింటే గొడవ. దాల్ భాత్ కింద 500, 600 నేపాలీ రూపాయలుంటే పైన 900 దాకా పోతుంది, కానీ అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. మన కడుపుకు అదే నయం. మెనూలో పిజ్జా చూసి ఆశపడొద్దు, ఎంత పైకి పోతే అంత పాత సరుకు. వేడినీళ్ల స్నానం, ఫోన్ ఛార్జింగ్, వైఫై విడివిడిగా వసూలు చేస్తారు. ప్యాకేజీలో భోజనం లేకపోతే కొండ మీద ప్రతి రోజుకు మన రూపాయల్లో 2,000 పక్కన పెట్టుకోండి. భోజనంతో ఉన్న ప్యాకేజీ అంతకన్నా ఎక్కువ తేడా చూపిస్తే భోజనం లేనిదే తీసుకోండి. ఆకలి లేని పూట మానేసే స్వేచ్ఛ ఉంటుంది. ఎత్తున ఆకలి చచ్చిపోవడం మామూలే. నిమ్మకాయ తొక్కు చిన్న సీసా, పల్లీ పట్టీలు, నాలుగు సకినాలు సంచిలో ఉంటే ఆ పూటలు గడుస్తాయి. ఇవి టీ హౌస్‌వాళ్లు కాదనరు.

ఏ కొండ

మొదటిసారికి అన్నపూర్ణ వైపు మా ఓటు. దిగడం తేలిక, రెండు రోజుల్లో జీపు దారికి చేరొచ్చు, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. సెలవు తక్కువుంటే అదే వైపు పూన్ హిల్, 3,210 మీటర్లు, నాలుగైదు రోజుల నడక. ఉల్లేరి దగ్గర మూడు వేలకు పైగా రాతి మెట్లున్నాయి, మోకాళ్ల సంగతి అక్కడే తేలిపోతుంది.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ పేరు పెద్దది, 5,364 మీటర్లు. అంత ఎత్తున గాలిలో ప్రాణవాయువు కింద ఉన్నదాంట్లో సుమారు సగం. విమానం దిగి నడక మొదలుపెట్టే ఊరు లుక్లా నుంచి మళ్లీ లుక్లాకు పన్నెండు రోజులు, నామ్చే బజార్‌లో రెండు రాత్రులు, దింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉన్న పట్టికే ఒప్పుకోవాలి. సీజన్‌లో లుక్లా విమానాలు ఎక్కువగా కాఠ్మాండూ నుంచి కాక రామేఛాప్ నుంచి ఎగురుతాయి, అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు బండిలో పోవాలి. చేతి సంచితో కలిపి 15 కిలోలే. మబ్బు పట్టిందంటే విమానం రోజూ వాయిదానే, రెండు రోజులు అదనంగా లేకుండా ఈ దారి పట్టొద్దు. సగం-సగం టూర్‌లో ఈ వాయిదా రోజుల గది, తిండి దాదాపు ఎప్పుడూ మీ ఖాతాలోనే పడతాయి. ఒకసారి 4,000 దాటిన ఒంటితో రెండో ట్రిప్‌కు పెట్టుకోండి దీన్ని.

భూటాన్ నడక కన్నా చూడటానికి. కొండ అంచున ఉన్న బౌద్ధ మఠం పారో తక్త్‌సంగ్ 3,120 మీటర్ల దగ్గర, పోయి రావడం ఒక్క పూట పని. మనవాళ్లకు రాత్రికి 1,200 రూపాయల రుసుము, ముందుగా పర్మిట్. థింపు, పారో దాటితే గైడ్ ఉండాల్సిందే కాబట్టి “సగం సొంతం” అనేది అక్కడ పేరుకే.

కజకిస్తాన్‌లోని అల్మాటీ వేరే కథ. భారత పాస్‌పోర్టుకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఢిల్లీ నుంచి నేరుగా విమానముంది. షింబులాక్ నుంచి కేబుల్ కారులోనే 3,200 మీటర్ల తల్గార్ కనుమకు చేరతారు. నేపాల్ వానల్లో తడుస్తున్న జూన్ నుంచి సెప్టెంబర్ వరకు అక్కడ మంచి కాలం. ఊళ్లో గది సొంతంగా తీసుకుని, కోల్‌సాయ్ చెరువులకో, చారిన్ లోయకో ఒక్కో రోజు గ్రూపు టూర్ కొనుక్కోవడం తేలిక. చిక్కల్లా శాకాహారులకే: మాంసం లేని వంట అడిగి చేయించుకోవాలి, రష్యన్ రాకపోతే ఫోన్‌లో అనువాదమే దిక్కు.

ఆఫ్రికాలోని కిలిమంజారో 5,895 మీటర్లు. అది బేస్ క్యాంప్ కాదు, శిఖరం. ఎక్కే దారిలో రోజులు తక్కువ, ఎత్తు ఎక్కువ. మొదటి ట్రిప్ జాబితాలోంచి తీసేయండి.

దసరా సెలవుల చిక్కు

మనకు సెలవు దొరికేది దసరాకో, సంక్రాంతికో, ఎండాకాలమో. కొండల మీద మంచి కాలం అక్టోబర్, నవంబర్. మళ్లీ మార్చి, ఏప్రిల్. దసరా సరిగ్గా కుదిరిందనిపిస్తుంది. కానీ నేపాల్‌కు కూడా అదే పెద్ద పండుగ, దశైన్. గైడ్లు, పోర్టర్లు, డ్రైవర్లు ఊళ్లకు పోతారు, బస్సులు కిటకిట. పండుగ అక్టోబర్ మొదట్లో పడిన సంవత్సరం వానల తోక కూడా తగులుతుంది. దీపావళి దాటాక వారం సెలవు పెట్టుకోగలిగితే ఆకాశం నిర్మలంగా, దారి ఖాళీగా ఉంటుంది, చలి ఒక్కటే ఎక్కువ. సంక్రాంతికి పూన్ హిల్ చాలు, పైకి మంచు. మే మొదటి సగంలో వెళ్లొచ్చు, మధ్యాహ్నం మబ్బులు తప్పవు. జూన్ నుంచి ఆగస్టు దాకా జలగలు, జారుడు దారి. చవకగా వస్తుందని ఆ బ్యాచ్ ఎక్కొద్దు.

కాగితాలు, పైసలు

నేపాల్‌కు మనకు వీసా లేదు. విమానంలో పోతే పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని చూపాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టే మేలు. 36 పేజీల దానికి మామూలు ఫీజు 1,500, తత్కాల్ అయితే 3,500. ఇనిషియల్స్ సంగతి జాగ్రత్త: పదో తరగతి మెమోలో ఒకలా, ఓటరు కార్డులో ఒకలా ఉన్న పేరుతో టికెట్ కొని కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. ఏ కాగితం చూపిస్తారో దాంట్లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, టికెట్ మీద ఉండాలి. పర్మిట్ దరఖాస్తుకూ అదే పేరు.

పర్మిట్‌లో మనకు సార్క్ ధర, అంటే దక్షిణాసియా దేశాలవాళ్లకు ఇచ్చే తక్కువ ధర. అన్నపూర్ణ ప్రాంతానికి 1,000 నేపాలీ రూపాయలు, ట్రెకర్ల నమోదు కోసం ఇచ్చే టిమ్స్ కార్డు ఇంకో 1,000. రెండూ కలిపి 1,250 మన రూపాయలు. మిగతా విదేశీయులకు అన్నపూర్ణ పర్మిట్ ఒక్కటే 3,000. కొందరు నిర్వాహకులు ఆ విదేశీ ధర వేసి వసూలు చేస్తారు, బిల్లు చూడండి.

ఫారెక్స్ కార్డు తీసుకోవద్దు, నేపాల్, భూటాన్‌లలో అది పనిచేయదు. మన వంద నోట్లు అక్కడ చెల్లుతాయి. 200, 500 నోట్ల నిబంధన మారుతూ ఉంది కాబట్టి పోయే వారం కనుక్కోండి. కాఠ్మాండూ, పోఖరా దుకాణాల్లో క్యూఆర్ మీద యూపీఐ నడుస్తుంది. కొండ మీద నగదే, అన్నపూర్ణ వైపు పోయేవాళ్లు పోఖరా ఏటీఎంలోనే తీసి పెట్టుకోవాలి.

ఇక్కడి కంపెనీ దగ్గర ప్యాకేజీ కొంటే జీఎస్టీతో పాటు టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. రిటర్న్ వేస్తే టీసీఎస్ తిరిగి సర్దుబాటవుతుంది, కానీ ఎవరి పాన్ మీద బిల్లు ఉంటే వాళ్లకే. అయిదుగురి డబ్బు ఒక స్నేహితుడు తన పాన్ మీద కట్టేస్తే మిగతా నలుగురి టీసీఎస్ కూడా అతని ఖాతాలోకే పోతుంది. విడివిడి బిల్లులు అడగండి. ధరలు పోల్చేటప్పుడు పన్నులు కలిపిన అంకెనే పోల్చండి.

హైదరాబాద్ నుంచి ఎక్కువగా ఢిల్లీ మీదుగానో బెంగళూరు మీదుగానో పోవాలి. రెండు ముక్కలు వేర్వేరు టికెట్లుగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే డబ్బు పోయినట్టే. ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నది వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా కొనండి. పాలమూరు వాళ్లకు విమానాశ్రయం బెంగళూరు హైవే మీదే తగులుతుంది. నల్లగొండ వైపు వాళ్లు నార్కట్‌పల్లి, పెద్ద అంబర్‌పేట మీదుగా అవుటర్ ఎక్కాలి, తెల్లవారుజాము విమానమైతే ముందురాత్రే బయల్దేరడం నయం.

బీమా

మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావరకు ఫలానా ఎత్తు దాటితే, లేదా ట్రెకింగ్‌లో జరిగితే చెల్లదన్న వాక్యం ఉంటుంది. మీ నడక గరిష్ఠ ఎత్తుకు పైన ఉన్న అంకె పాలసీలో కనిపించాలి: అన్నపూర్ణకు కనీసం 4,500, ఎవరెస్ట్‌కు 6,000. హెలికాప్టర్‌లో దింపే ఖర్చు అందులో ఉండాలి. దేశం దాటకముందే కొనాలి. 2018లో నేపాల్‌లో అక్కర్లేని హెలికాప్టర్లు పిలిపించి బీమా డబ్బు దండుకున్న మోసాలు బయటపడ్డాయి. అందుకే హెలికాప్టర్ ఎక్కేముందు పాలసీ వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి అనుమతి తీసుకోవడం మీ పని. “గ్రూప్ ఇన్సూరెన్స్ మేమే చేయిస్తాం” అంటే పాలసీ కాపీ మీ పేరుతో చూడాలి.

ఒంటి సంగతి

ఫిట్‌నెస్ వేరు, ఎత్తు పడటం వేరు. పది కిలోమీటర్లు పరుగెత్తే కుర్రాడికి తలనొప్పి వచ్చి, పక్కన యాభై అయిదేళ్ల మనిషి హాయిగా నడవడం కొండల మీద రోజూ కనిపించేదే. కుర్రాడు తొందరగా ఎక్కేస్తాడు, తేడా అదే. తలనొప్పికి వికారమో, అలసటో తోడైతే ఆ రోజు ఇంక పైకి పోవద్దు. తిన్నగా గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రయినా సరే దింపాల్సిందే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్రను ముందురోజు నుంచి మొదలుపెట్టి పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రెండుపూటలా ఇస్తుంటారు. సల్ఫా మందులు పడనివాళ్లుంటారు, డాక్టర్ రాస్తేనే వేసుకోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఆ చీటీ గైడ్‌కు చూపించాలి.

కాళ్లకు మాత్రం ఇక్కడే సాధన చేయొచ్చు. చెరువుగట్టు, మన్యంకొండ మెట్లు బాగానే ఉంటాయి, కానీ దేవుడి మెట్లు చెప్పులిడిచి ఎక్కుతాం. మనకు కావలసింది బూట్లు తొడిగి చేసే సాధన. దానికి కోటలు మేలు: దేవరకొండ, కోయిలకొండ, భువనగిరి. భువనగిరి బండ ఏకశిల. 2022లో ఎవరెస్ట్ ఎక్కిన పడమటి అన్వితారెడ్డిది ఆ వైపే, అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లోనే నేర్చుకుంది. బయల్దేరడానికి ఎనిమిది వారాల ముందు నుంచి, వారానికి రెండుసార్లు, ఆరు కిలోల సంచి వేసుకుని ఎక్కి దిగండి. దిగడమే ముఖ్యం, తొడలు మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే. బూట్లు ఇక్కడే కొని ఆ ఎనిమిది వారాల్లోనే అరగదీయాలి. డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ మాత్రం కొనొద్దు, పోఖరాలో రోజు అద్దెకు దొరుకుతాయి. జిప్పు పనిచేస్తుందా అని దుకాణంలోనే పైకీ కిందికీ లాగి చూసుకోండి.

ఎవరికి ఏది

ఒక్కరే పోతున్నారా, సగం-సగం బ్యాచ్‌లో చేరండి; ఎనిమిది మందికి మించనిది, ఇద్దరు గైడ్లున్నది, అన్నపూర్ణకైతే 3,700 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రె బేస్ క్యాంప్‌లో పడకున్నది. ఆడవాళ్లు ఒంటరిగా చేరితే గది ఎవరితో పంచుకోవాలో, బ్యాచ్‌లో ఇంకెవరైనా ఆడవాళ్లున్నారో ముందే అడగండి; విడి గదికి అదనం ఎంతో రాయించుకోండి. ముగ్గురు నలుగురు స్నేహితులుంటే బ్యాచ్ అక్కర్లేదు, నేపాల్ ఏజెన్సీతో నేరుగా మాట్లాడి 20 లేదా 30 శాతం అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది అక్కడ గైడ్‌ను కలిశాక కట్టండి. మొత్తం ముందే కట్టమంటే ఇంకొకరిని చూసుకోండి. ఇద్దరే ఉంటే రెండు లెక్కలూ వేయండి, చాలాసార్లు బ్యాచ్‌దే చవక.

అమ్మానాన్నలను తీసుకుపోయేవాళ్లకు మాత్రం సగం-సగం టూర్ వద్దు. జోమ్‌సోమ్‌లో రాత్రి ఆగే కండక్టెడ్ ముక్తినాథ్ యాత్రో, సొంత జీపు మాట్లాడుకున్న పోఖరా ట్రిప్పో వాళ్లకు సుఖం. మీరు అదే సెలవులో నడవాలనుకుంటే వాళ్లను పోఖరా హోటల్లో ఉంచి పోయే ఆలోచన పెట్టుకోవద్దు. కొండ మీద రెండు రోజులు సిగ్నల్ లేకపోతే కింద వాళ్ల కంగారుకు హోటల్‌వాళ్లు జవాబు చెప్పలేరు.

బుకింగ్ వరుస ఇలా పెట్టుకోండి: పాస్‌పోర్టు చేతికొచ్చాక పట్టిక ఎత్తులతో సహా తెప్పించుకోవడం, బ్యాచ్ ఖాయమైన రాత, ఆ తర్వాత విమానం టికెట్, టికెట్ తేదీలతో బీమా. తిరుగు టికెట్ మాత్రం పట్టికలో నడక ముగిసే రోజుకు కనీసం మూడో రోజున ఉండాలి, లుక్లా మీదుగా అయితే నాలుగో రోజున.